ట్యాంకుకు తలంటు

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఏ వస్తువు చేతికి వచ్చినా అది కొత్తదానిలా మెరిసేదాకా నాకు అన్నం సయించేది కాదు. ఇప్పుడు జబ్బు అంటున్నాను గానీ అప్పట్లో దాన్ని ప్రతిభ అనుకునేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని (ఒకటి లెక్కలు, రెండోదాని పేరు చెప్పినా మీకు అర్థం కాదు, నాకూ కాలేదు కనకనే మిగిలింది), కర్నూలు పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే అంగట్లో పనికి కుదిరాను. పిండి చేతులతో మాట్లాడిన ఫోన్లు, సిమెంటు పనిలో జేబులో మగ్గిన ఫోన్లు, పొలంలో మందు కొడుతూ జారవిడిచిన ఫోన్లు వచ్చేవి. నేను వాటిని విప్పి, స్పిరిట్‌లో ముంచిన పళ్ళ బ్రష్షుతో సందుసందునా తోమి, తుడిచి, పేరంటానికి పంపే పిల్లలా తయారుచేసి ఇచ్చేవాణ్ణి. ఫోను పనిచేసినా చేయకపోయినా తెచ్చినవాళ్ళ ముఖం మాత్రం వెలిగిపోయేది. "వీడు రిపేరు చేసేదాని కంటే తోమేది ఎక్కువప్పా" అని మా అంగడి అన్న నలుగురి ముందూ అనేవాడు. దాన్ని నేను పొగడ్త కింద జమ చేసుకున్నాను. ఇరవై మూడేళ్ళ వయసు మరి. లోకంలో కష్టాలన్నీ దుమ్ము వల్ల వచ్చినవే అని గట్టి నమ్మకం.

మా అమ్మకు అక్క మొగుణ్ణి మేమంతా మిలిట్రీ పెద్దనాయన అనేవాళ్ళం. మా వీధిలోనే చివరి ఇల్లు వాళ్ళది. వయసులో ఉన్నప్పుడు ఆయన సైన్యంలో ట్యాంకు డ్రైవరు. పడమటి సరిహద్దులో ఒక యుద్ధం చూసి వచ్చాడు. తర్వాత చాలా ఏళ్ళు ఒక బ్యాంకు ముందు తుపాకి పట్టుకుని నిలబడ్డాడు గానీ ఆ ఉద్యోగం గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. యుద్ధం గురించీ చెప్పేవాడు కాదు. చెప్పిందల్లా ట్యాంకు గురించే. అది చలికాలం పొద్దున ఎలా దగ్గేది, ఏ గేరు దగ్గర మొరాయించేది, ఎండలో దాని రేకు మీద రొట్టె ఎలా కాలేది. "పెండ్లయిన కొత్తల్లో పక్కన నేను పండుకోనుండంగానే నిద్దట్లో దాని క్లచ్చి తొక్కుతాండె" అని పెద్దమ్మ చెప్పేది (తొక్కింది ఆమె కాలునట).

ఆ ట్యాంకులో పెద్దనాయన ముందు కూర్చుని నడిపితే, వెనక పైభాగంలో కూర్చుని గురిచూసి పేల్చే మనిషి కడపాయన. కడప గన్నరు అంటే మా ఇంట్లో అందరికీ తెలుసు, చూసినవాళ్ళు లేకపోయినా. ఇద్దరూ నాలుగేళ్ళు ఒకే బండిలో ఉన్నారు. లోపల ఒకరికొకరు కనపడరట. చెవులకు తగిలించుకున్న ఫోన్లలో గొంతు వినపడేది, అంతే. "వాని ముఖం కంటే వాని తిట్లే నాకు ఎక్కువ తెలుసు. నిదానంగా పోనీరా గాడిదా, గురి తప్పుతాండాది అని పొద్దస్తమానం చెవులో అరుస్తాండె" అని పెద్దనాయన మురిసిపోతూ చెప్పేవాడు. అలాంటి గన్నరుకు ఒక ఎండాకాలం మొదట్లో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది, మనుషుల గుర్తు కూడా పోయింది. పెద్దనాయన కడపకు పోయి ఒక రోజంతా ఆయన పక్కన కూర్చుని వచ్చాడు. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా మా అంగడికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"నన్ను చూసినాడు, నా యెనకాల గోడను చూసినాడు. రెండిట్నీ ఒగే మాదిరి చూసినాడ్రా" అన్నాడు. నేను సోడా తెప్పించాను. తాగి, సీసా కింద పెట్టి, మళ్ళీ ఆయనే అన్నాడు. "నేను ముసలోణ్ణయినా. గుర్తు పట్టలేదంటే వాని తప్పు గాదు. మా బండి ముసల్దయ్యుండదు గదా. అది ఆ దినం ఎట్ల ఉండెనో అట్ల కండ్ల ముందర పెడితే వాడు పలుకుతాడు. రిమోట్‌తో నడిచే ట్యాంకులు వస్తాండాయంట గదరా, నువ్వు చేసియ్యాల." ఆయన అడిగింది ఇదీ. ఇంతకంటే విడమరిచి ఎవరూ చెప్పలేరు. నేనూ రెండు చెవులతో విన్నాను. కానీ నా బుర్రలోకి ఎక్కింది మాత్రం 'రిమోట్' అన్న ఒక్క మాటే. ఇంకో సంగతి కూడా ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగి ఆయన చూపు అంచుల నుంచి మూసుకొస్తోందని డాక్టరు చెప్పి అప్పటికి ఏడాది. పోయిన చూపు రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో తెలియదు. అందుకని తొందర కూడా ఉంది.

విడిభాగాల పెట్టె కొరియర్లో వచ్చింది. అసలు ట్యాంకులో పదహారో వంతు. మూరెడు పొడుగు బండికి కొన్ని వందల ముక్కలు. మోటార్లు, బ్యాటరీ, రిమోట్ మాట అందుకునే చిన్న పలక వేరుగా తెప్పించాం. పెద్దనాయన పెట్టె మీది బొమ్మను చూసీ చూడగానే "తప్పు" అన్నాడు. ఏది తప్పు అంటే పనిముట్ల డబ్బా కుడిపక్కన ఉందట, వాళ్ళ బండికి ఎడమపక్కన ఉండేదట. పెట్టె ఏ దేశంలో తయారైందో ఆ దేశం మీద ఆయనకు అప్పుడే గౌరవం పోయింది. చక్రాల మీద తిరిగే గొలుసు పట్టాలకు ఒక్కో లంకెనూ చేత్తో గుచ్చాలి. నేను గుచ్చుతుంటే ఆయన పక్కన కూర్చుని లెక్కపెట్టేవాడు. "రెండు ఎక్కువైనాయి చూడు, వదులైతాది, మలుపులో ఊడిపోతాది" అనేవాడు. ఊడిపోయేది. కర్నూలు ఎండ సంగతి తెలిసిందే. కుంచె డబ్బాలో ముంచి ట్యాంకు దాకా తెచ్చేలోపల రంగు ఎండిపోయేది. అయినా మూడుసార్లు వేసి, మూడుసార్లు గీకి, నాలుగోసారి నున్నటి పచ్చరంగు వేశాను. అద్దంలో ముఖం చూసుకోవచ్చు. నా జన్మలో అంత బాగా వేసిన రంగు లేదు. పెద్దనాయన దాని మీద వేలు రాసి "బాగుండాది, ఇంగ దీన్ని చెడగొట్టాల" అన్నాడు. నేను నవ్వాను, పరాచికానికి అన్నాడనుకుని.

మొదటిసారి నడిపింది వాళ్ళ మిద్దె మీద. పొద్దున్నే పెద్దమ్మ అటుపక్క పాతచీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టి ఉంది. నేను రిమోట్ పట్టుకుని, జాతీయ పతాకం ఎగరేసే పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, ముందుకు నొక్కాను. ట్యాంకు వెనక్కి పోయింది. కంగారుపడి కుడికి నొక్కితే ఎడమకు తిరిగింది. ఆపబోతే వేగం పెరిగింది (తీగలు తలకిందులుగా అతికించిన సంగతి తర్వాత తెలిసింది, డిప్లొమా సంగతి మీకు ముందే చెప్పాను). మొదటి వరుస వడియాలు, రెండో వరుస వడియాలు దాటి, చీర అంచును గొలుసులో చుట్టుకుని, మూడో వరుస మీద నిలబడి గుర్రుమంది. పెద్దమ్మ అరిచిన అరుపుకు పక్కమిద్దె మీది పావురాలు లేచిపోయాయి. "ఒగ పూటంతా పెట్నా కదరా, నీ ట్యాంకు మీద మన్ను పొయ్య! దీన్ని పట్టుకోని యుద్ధం చేసినారా మీరు?" అని ఆమె మొగుణ్ణి అడిగింది. ఆయన వడియాల మధ్యన మోకాళ్ళ మీద కూర్చుని గొలుసు విడదీస్తూ "నేను ఇట్ల నడిపింటే ఆ దినమే ఇంటికి పంపిచ్చుందురు. నువ్వు నన్ను చేసుకోకుండా తప్పించుకోనుందువు" అన్నాడు. ఆ ఏడు వాళ్ళింట్లో వడియాలన్నీ చారలతో వేగాయి.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన పని. నేను ఉత్త సహాయకుణ్ణి. పొద్దున వెలుతురు బాగా ఉండే రెండు మూడు గంటలే ఆయన కన్ను సాయం చేసేది. మా అంగట్లో బోర్డులు చూసే భూతద్దం తెచ్చి ఇచ్చాను. దాన్ని కంటికి బిగించుకుని ఆ మనిషి ట్యాంకును మురికి చేయడం మొదలుపెట్టాడు. మన నల్లరేగడి పనికిరాదన్నాడు. తుంగభద్ర ఇసుక పనికిరాదన్నాడు. ఆ సరిహద్దు మట్టి లేతగా, గోధుమపిండి మాడినట్టు ఉంటుందట. చివరికి బేతంచెర్ల బండలు పాలిష్ పట్టే చోట రాలిన పొడి తెచ్చి, దాంట్లో పెద్దమ్మ కాఫీపొడి కలిపి, చెక్కకు రాసే తెల్ల జిగురుతో పట్టాల మీద అద్దితే "ఇదీ" అన్నాడు. పాత రేకును ఉప్పునీళ్ళలో నానేసి గీకిన తుప్పు, పొయ్యి మసి, టీ డికాషన్‌లో ముంచిన ఉల్లిగడ్డల సంచి ముక్క (అది శత్రువుకు కనపడకుండా కప్పే వల), చీపురుపుల్ల (అది వైర్‌లెస్ కమ్మీ). పెద్దమ్మ వంటింట్లో ఏ వస్తువు కనపడకపోయినా ముందు మిద్దె మీదికి వచ్చి ట్యాంకును చూసిపోయేది.

అందులో మూడు గుర్తులు మాత్రం ఆయన నన్ను ముట్టుకోనీయలేదు. ఎడమ మడ్‌గార్డు మూల వంచాడు. అది ఆయనే ఒకసారి వెనక్కి తీస్తూ గోడకు గుద్దిన చోటట. "దానికి వాడు నన్ను నాలుగేండ్లు ఎత్తిపొడిచినాడు" అన్నాడు. వెనకభాగాన వేలిముద్రంత నలుపు. అది అందరూ టీ కాచుకునే చోటు. మూడోది, పైన తిరిగే తల పక్కన, సుద్దముక్కతో ఏడు నిలువు గీతలు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చినప్పుడల్లా గన్నరు ఒక గీత గీసేవాడట. "ఆరు వానివి, ఒగటి నాది. నాది వచ్చిన దినం వాడే గీసి, మీ ఇంట్లో కూడా సదువొచ్చినోళ్ళు ఉండారే అన్న్యాడు." ఆ ఏడు గీతలు గీయడానికి ఆయనకు రెండు పొద్దులు పట్టింది. గీత వంకరపోతే తుడిచి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ గీసేవాడు. నేను పక్కన కూర్చుని ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. నా పచ్చరంగు పోయిందే అనుకున్నాను. నాలుగు నెలలూ లోలోపల అదే ఏడుపు.

దసరా అయిన మర్నాడు కడపకు పోదామని అనుకున్నాం. గన్నరు కూతురు, బడిలో పంతులమ్మ, సెలవుల్లో ఇంట్లోనే ఉంటానని చెప్పింది. నవమికి ముందురోజు ట్యాంకు లైటు ఒకటి వెలగలేదు. పెద్దనాయన దాన్ని దుప్పట్లో చుట్టి అంగడికి తెచ్చి ఇచ్చాడు. "లైటొగటే చూడు. ఇంగేమీ ముట్టుకోవద్దు" అని రెండుసార్లు చెప్పాడు. సరే అన్నాను, రెండుసార్లు. లైటు పది నిమిషాల పని. మర్నాడు ఆయుధపూజ. మా అంగడి అన్న ఆ ఒక్క రోజూ దేవుడికంటే కఠినంగా ఉండేవాడు. "స్క్రూడ్రైవరు కాణ్ణుంచి షట్టరు దాకా అన్నీ స్నానం చేయాల. దుమ్ముతో ఉండే వస్తువుకు నా అంగట్లో బొట్టు పెట్టేది లేదు" అని చెప్పి పూలు తేవడానికి పోయాడు. నేను వరసగా అన్నీ తోమాను. టంకం పెట్టే కమ్మీ తోమాను, పట్టకార్లు తోమాను, అన్న స్కూటరు కడిగాను. ఆఖరికి బల్ల మీద మట్టి కొట్టుకుని, మసి పట్టి, మూల వంగి, ఆ ట్యాంకు మిగిలింది. అంగట్లో ఆయుధమంటూ ఉంటే అదొక్కటే! స్క్రూడ్రైవరుకు స్నానం చేయించి ఆయుధానికి చేయించకపోతే అమ్మవారు ఏమనుకుంటుంది?

నన్ను నమ్మండి, అందులో నాకు రవ్వంత కూడా చెడ్డ ఉద్దేశం లేదు. రోగంతో ఉన్న పెద్దమనిషి దగ్గరికి మురికి వస్తువు తీసుకుపోతామా, తళతళలాడేది చూస్తే ఆయన ప్రాణం లేచిరాదా అనుకున్నాను. స్పిరిట్ సీసా తీశాను, పళ్ళ బ్రష్షు తీశాను. సుద్దగీతలు ఒక్క తుడుపుకు పోయాయి. మసి నాలుగు తుడుపులకు పోయింది. బేతంచెర్ల బురద మొండికేస్తే గుండుసూదితో లంకె లంకెకూ గీకాను. వంగిన మడ్‌గార్డును వేడిగాలి యంత్రం కింద పెట్టి, మెత్తబడగానే వేలితో సాపు చేశాను (సాపు చేస్తూ ఈల కూడా వేశాను, అది గుర్తుకొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి). అక్కడక్కడా ఎత్తిపోయిన చోట పచ్చరంగు వేసి, మీద స్కూటరు పాలిష్ పట్టాను. మర్నాడు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాం. అన్న స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినట్టే దాని కింద కూడా రెండు పెట్టి రిమోట్ నొక్కాను. నిమ్మకాయ నలగలేదు. ట్యాంకే దాని మీదికెక్కి, ఒక క్షణం ఆలోచించి, పక్కకు పడింది. అంగడంతా నవ్వింది. అన్న దాన్ని లేపి నిలబెట్టి "ఇప్పుడు సూడు, షోరూములో నుంచి దిగినట్టుండాది" అన్నాడు. నా ఛాతీ ఉప్పొంగింది.

దసరా పొద్దున దాన్ని తువ్వాలు కప్పి పెద్దనాయన ఇంటికి తీసుకుపోయాను. ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి తువ్వాలు లాగేశాను. ఆయన ముందు నవ్వాడు, పూలదండ చూసి. తర్వాత భూతద్దం పెట్టుకున్నాడు. బొటనవేలు ఎడమ మడ్‌గార్డు మీదికి పోయింది, ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చింది, మళ్ళీ పోయింది.

"ఇది సాపు చేసినావా?"

"అవు పెద్నాయనా, వంగిపోయింటే సరిచేసినా."

"గీతలు?"

"ఏ గీతలు? ఆ సుద్దా... తుడిస్తే పోయినాయి" అన్నాను. ఇన్ని నెలలుగా చెవుల దగ్గరే ఆగిన మాటలన్నీ అప్పుడు, ఆ క్షణాన, లోపలికి దిగాయి. అది ఎట్లా ఉండేదో అట్లా కళ్ళ ముందు పెడితే వాడు పలుకుతాడు అని కదా ఆయన అన్నది! పెద్దమ్మ వంటింట్లో నుంచి వచ్చి చూసి, నోటి మీద చెయ్యేసుకుని "అయ్యో నా కాఫీపొడీ" అంది. తర్వాత మొగుడి ముఖం చూసి వంటింట్లోకి తిరిగిపోయింది. తిడితే బాగుండునని నిలబడ్డాను. పెద్దనాయన భూతద్దం తీసి జేబులో పెట్టుకుని "బాగుండాది లేప్పా. మా బండి గూడా రైల్లోనుంచి దించినప్పుడు ఇట్లే ఉండె, పెండ్లికూతురు మాదిరి" అన్నాడు. ప్రయాణం ఆపుదాం, మళ్ళీ బురద పూద్దాం అని బతిమాలాను. "నాలుగు నెల్లు నా కన్ను ఆగుతాదో లేదో, వాడు ఆగుతాడో లేదో. ఉండేదాంతోనే పోదాం" అన్నాడు. సిగ్గుతో ఆ పండగ పూట బొబ్బట్టు విస్తట్లోనే వదిలేసి లేచాను.

మర్నాడు నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా కడప బస్సు. ట్యాంకు నా ఒళ్ళో, దండతో సహా. కండక్టరు వంగి చూసి "ఏమప్పా, దీనికి టిక్కెట్టు కొట్టాల్నా?" అన్నాడు. "మాజీ సైనికురాలు, పాసుండాది" అన్నాడు పెద్దనాయన. ఆళ్ళగడ్డలో ఎక్కిన ఒక ముసలమ్మ పసుపు, కుంకుమ చూసి, ఏ దేవుడో అడగకుండానే దాని నుంచి కుంకుమ తీసి నుదుట పెట్టుకుని, ఫిరంగికి దణ్ణం పెట్టింది. బస్సంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను. పెద్దనాయన మాత్రం కిటికీ వైపు తిరిగి, పెదవులు కదిలిస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. గన్నరుకు ఏమేమి చెప్పాలో చూసుకుంటున్నాడనుకున్నాను.

గన్నరు వాళ్ళ వసారాలో కుర్చీలో ఉన్నాడు. పెద్ద మనిషి, వెడల్పు భుజాలు, ఒక పక్కకు ఒరిగి. గోడ మీద ఏసుప్రభువు క్యాలెండరు, దాని కింద మాత్రల డబ్బా. కూతురు బంతిపూల దండను చూసి కొంచెం నవ్వి, మాకు మజ్జిగ తెచ్చింది. పెద్దనాయన చెప్పిన ప్రకారం నేను వసారా అటు చివర ట్యాంకును నల్ల బండల మీద పెట్టి నడిపాను. ఈసారి తిన్నగానే పోయింది. మోటారు చప్పుడుకు గన్నరు కళ్ళు తిరిగాయి. ట్యాంకు వెంట వచ్చాయి. దాని పైతల ఇటూ అటూ తిప్పాను, ఫిరంగి ఎత్తి దించాను. కాళ్ళ దగ్గర ఆగగానే కూతురు దాన్ని ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టింది. పనిచేసే ఎడమచెయ్యి మెల్లగా వచ్చి మడ్‌గార్డు పట్టుకుంది. తడిమింది. అక్కణ్ణుంచి పైకి పోయి, సరిగ్గా ఆ ఏడు గీతలు ఉండాల్సిన చోట ఆగింది. బొటనవేలితో రుద్దాడు. వేలు తిప్పి చూసుకున్నాడు. ఏమీ అంటుకోలేదు. అప్పుడు తలెత్తి పెద్దనాయన్ని చూశాడు. గోడను చూసినట్టు కాదు. నోరు రెండు మూడుసార్లు వంకరపోయింది.

"మంది... గాదు" అన్నాడు.

మనది కాదని. కూతురి చేతిలో గ్లాసు కింద పడింది. ఆరు నెలలకు ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆమె అక్కడే నేల మీద కూర్చుని ఏడుస్తూ "నాయనా, ఇంగోసారి అను నాయనా" అంటోంది. పెద్దనాయన రెండు చేతులూ చరిచి "విన్యావా! మనది గాదంట! గాదురా, ఇది షోరూమోళ్ళది. మనది ఇంటికాడ ఉండాది. నేను తెస్తా. నువ్వు ఉండు, తెస్తా" అన్నాడు. గన్నరు మళ్ళీ మాట్లాడలేదు. ట్యాంకును ఒళ్ళో నుంచి పక్కకు నెట్టాడు, పరాయివాళ్ళ వస్తువును నెట్టినట్టు. తిరుగు బస్సులో పెద్దనాయన మైదుకూరు దాకా సంతోషం పట్టలేక మాట్లాడుతూనే ఉన్నాడు. వాడి గొంతు విన్నాను, వాడి గొంతు విన్నాను అని. ఆ తర్వాత, నా వైపు చూడకుండా, "మనదే అయ్యుంటే ఇంగేమేమి మాట్లాడుండునో" అన్నాడు. నన్ను నిందించడానికి కాదు. ఊరికే అనుకున్నాడు, పైకి వినపడింది.

నెల రోజుల్లో మళ్ళీ చేసి ఇస్తానని ఆ బస్సులోనే ఆయన చేతిలో చెయ్యేశాను. నిజంగానే చేద్దామనుకున్నాను. బండల పొడి పొట్లం తెచ్చి నా సంచిలో పెట్టుకున్నాను కూడా. దీపావళికి అంగట్లో ఊపిరాడని గిరాకీ. తర్వాత మిగిలిన లెక్కల పరీక్ష (మళ్ళీ మిగిలింది). తర్వాత అన్న నంద్యాలలో రెండో అంగడి తెరిచి నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. ఈ ఆదివారం, పై ఆదివారం. ఫోన్లో పెద్దనాయన ఎప్పుడూ తొందరపెట్టలేదు. "నీ పని చూసుకోని రాప్పా" అనేవాడు. నేనూ ఆ మాటను పట్టుకుని నా పనే చూసుకున్నాను. శివరాత్రికి ముందు ఒకరోజు ఊరికి వస్తే పెద్దమ్మ చెప్పింది, గన్నరు పోయి పది రోజులైందని, ఈయన ఒక్కడే కడపకు పోయి మన్నేసి వచ్చాడని. నాకెందుకు చెప్పలేదు పెద్నాయనా అంటే "పనిలో ఉంటావని" అన్నాడు. అప్పటికి ఆయనకు వెలుగు, నీడ తప్ప ఏమీ కనపడటం లేదు.

అప్పుడు చేశాను ఆ పని. ఎవరికీ అవసరం లేనప్పుడు. ప్రతి ఆదివారం నంద్యాల నుంచి వచ్చి, వాళ్ళ మిద్దె మీద కూర్చుని, బురద అద్దాను, తుప్పు రాశాను, మడ్‌గార్డు వంచాను, టీ మసి పెట్టాను. చివరికి ఊపిరి బిగబట్టి ఏడు గీతలు గీశాను. ఇన్నాళ్ళూ నేను మురికి అనుకున్నది ఎంత కష్టమైన పనో నా వేళ్ళకు అప్పుడు తెలిసింది. అంతా అయ్యాక పెద్దనాయన చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని పసిబిడ్డను తడిమినట్టు అంతా తడిమాడు. "మడ్‌గార్డు ఇంగ రవ్వంత వంచాల. నేను గుద్దింది గోడను, గడ్డివామిని గాదు" అన్నాడు. పట్టాల దగ్గర వేళ్ళు ఆపి "ఈ పక్క బురద ఎక్కువైంది" అన్నాడు. లేదు పెద్నాయనా, సరిగ్గానే ఉంది అని నేను వాదించాను (ఆ ట్యాంకులో నాలుగేళ్ళు కూర్చున్న మనిషితో!). ఆయన నవ్వి, ట్యాంకును ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వాడుంటే దీనికీ వంకలు పెట్టుండు. పొద్దు మునిగేదాకా తిట్టుండు. తిట్టిచ్చుకోవాలనుందిరా నాకు" అన్నాడు.

నేను చేసిన తప్పుకు ఈ భూమ్మీద మందు లేదు. అయినా ఏదో ఒకటి ఇవ్వాలనిపించి, "నేను తిడతా పెద్నాయనా" అన్నాను. ఆయన తల నా గొంతు వైపు తిప్పి "యాదీ, తిట్టు చూద్దాం" అన్నాడు. చెవి నాకు ఇచ్చి, రెండు చేతులూ ముందుకు చాపి, లేని స్టీరింగు కమ్మీలు పట్టుకుని కూర్చున్నాడు. నేను లేచి నిలబడి, ఆయన వెనక్కి పోయి, గొంతు లావు చేసుకుని అరిచాను. "నిదానంగా పోనీ... పోనీరా... పోనీండి పెద్నాయనా, గురి తప్పుతాండాది!" గాడిద అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నోరు తిరగలేదు. ఆయన నవ్వీ నవ్వీ దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. పెద్దమ్మ నీళ్ళ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుని "వాడు ఇంత మర్యాదగా తిడతాండ్లేదప్పా. మల్లొకసారి అను" అన్నాడు. మళ్ళీ అన్నాను. ఇంకోసారి అన్నాను. చాలు అని ఆయన అనేదాకా, ఎండలో, వెక్కుతూ, ఇంటికి పెద్దవాణ్ణి పట్టుకుని అండీ అంటూ తిట్టిన ఆ ఇరవై మూడేళ్ళ వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. వాడి నెత్తిన ఒక్కటి మొట్టాలని కూడా ఉంటుంది గానీ, పాపం, ఆ రోజుకు వాడి చేతిలో మిగిలిన పని అదొక్కటే.